పసుపు రాసిన కట్టెలు

మా అక్క మామిడితోట ఎండిపోవడం మొదలైనప్పుడు ఉద్యాన శాఖ నుంచి ఒక అధికారి వచ్చి చూశాడు. చెట్ల మొదళ్లు గీరాడు. బెరడు కింద కత్తిమొన పెట్టి లేపి చూశాడు. చివరికి చేతులు దులుపుకుంటూ, బయటి నుంచి తోటలోకి కట్టె ఏమైనా వచ్చిందా అని అడిగాడు. ఆ సమయానికి ఆయన పక్కన ఉన్నది నేనొక్కణ్ణే. అక్క మజ్జిగ తేవడానికి ఇంట్లోకి వెళ్లింది. బావ అవతల మోటారు దగ్గర ఉన్నాడు. నేను లేదన్నాను.

ఆ మూల టార్పాలిన్ పట్ట కప్పిన కుప్ప ఏమిటని కూడా అడిగాడాయన. పెళ్లి కట్టెలు సార్, మా తోటవే అన్నాను. ఆయన పట్ట అంచు కొంచెం లేపి, దుంగల మీది పసుపూ కుంకుమా చూసి, తప్పు చేసినవాడిలా చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

ఆ కట్టెలు ఆ తోటవి కావు. బెంగళూరు మహదేవపుర నుంచి టెంపోలో తెచ్చింది నేను. వాటిలో పురుగు ఉందని తెలిసి తెచ్చింది కూడా నేనే. మా బంధువుల్లో ఇప్పటికీ ఆ తోట సంగతి వేరేలా చెప్పుకుంటారు. ఆ కథలో తప్పంతా మా అక్కది. దాన్ని అలాగే చెప్పుకోనిచ్చిన పాపం నాది కాబట్టి, జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

బెంగళూరు బయట, అత్తిబెలె దాటి కొంచెం లోపలికి వెళితే అక్క అత్తగారి ఊరు. ఆమె కొత్తగా కాపురానికి వచ్చిన ఏడాది బావ గుంతలు తవ్వితే, మొక్కలు దించింది ఆమె. ఒక్క మొక్క కూడా చావలేదట. ఆ మాట మెల్లగా చుట్టుపక్కలంతా పాకింది. ఎవరు నారు పోసినా, ఎవరు కొత్తగా తోట వేసినా, మొదటి గింజ, మొదటి మొక్క అక్క చేత పెట్టించుకునేవాళ్లు. చేతి చలవ అనేవాళ్లు మనవాళ్లు. కన్నడంవాళ్లు కైగుణ అనేవాళ్లు. పొద్దున్నే ఎవరో ఒకరు వాకిట్లో నిలబడి పిలిస్తే, చేతిలో పని చేతిలో ఉండగానే కొంగుకు తుడుచుకుంటూ వెళ్లిపోయేది. అక్కకు చదువు లేదు. నగల మీద ఆశ లేదు. గొప్ప చెప్పుకోవడం తెలియదు. కానీ ఆ పిలుపు వచ్చిన రోజు ఆమె నడక వేరుగా ఉండేది.

నన్ను పెంచింది ఆమే. అమ్మ పోయాక ఆ ఇంట్లోనే తిని, ఆ ఇంట్లో నుంచే చదువుకున్నాను. బావ పుణ్యాన బెంగళూరులో పనిలో చేరాను. ఆ ఇంటి నుంచి తీసుకోవడమే తప్ప ఆ ఇంటికి ఇచ్చింది ఏమీ లేదు. ఇదెందుకు చెప్తున్నానంటే, ఆ కట్టెలు నాకు ఎందుకంత ముఖ్యమయ్యాయో ఇందులోనే ఉంది.

మా ఇళ్లలో ఆడపిల్ల పెళ్లికి వంటకట్టెలు మేనమామ తేవాలి. మామిడి కట్టె అయ్యుండాలి. బండి వాకిట్లో ఆగగానే పిల్ల తల్లి ఎదురొచ్చి, దుంగలకు పసుపు రాసి, బొట్టు పెట్టి, దారం చుట్టి లోపలికి తీసుకుంటుంది. అప్పటి నుంచి ఆ కట్టెను దాటకూడదు, వేరే పొయ్యిలో పెట్టకూడదు, పెళ్లి పొయ్యికి తప్ప ఆ ఆవరణ దాటించకూడదు. ఇప్పుడు అందరూ గ్యాస్ మీదే వండుతారు. అయినా కట్టెలు రావాలి. అవి రాకపోతే మేనమామ లేనట్టే.

మేనకోడలికి సంబంధం కుదిరిన వేసవిలో, మహదేవపురలో నేనుండే లేఅవుట్ వెనక పెద్ద గాలివాన పడింది. అక్కడ టెక్ పార్క్ గోడకూ మా రోడ్డుకూ మధ్య ఒక పాత మామిడితోపు మిగిలి ఉండేది. అందులో సగం చెట్లు ఆ సాయంత్రం పడిపోయాయి. స్థలం శుభ్రం చేస్తున్నవాళ్లు ఎవరికి కావాలంటే వాళ్లు తీసుకుపొమ్మన్నారు. నాకు దేవుడే పంపినట్టు అనిపించింది.

అవి ఒట్టి గాలికి పడినవి కావు. దగ్గరికి వెళ్లి చూడగానే నాకు తెలిసిపోయింది. బెరడు మీద నువ్వుగింజ పట్టేంత రంధ్రాలు. ప్రతి రంధ్రం కింద గోధుమపిండి రాలినట్టు సన్నటి పొడి. అక్కడక్కడా జిగురు కారి గడ్డకట్టి ఉంది. అవి అంతకు ముందే జబ్బుపడి, లోపల సగం చచ్చిన చెట్లు.

ఈ సంగతి నాకు తెలియకపోవడానికి వీల్లేదు. నేను పని చేసేది ఎలక్ట్రానిక్ సిటీ దగ్గర, యంత్రాలు విదేశాలకు పంపడానికి చెక్కపెట్టెలు చేసే షెడ్డులో. అక్కడ బెరడుతో ఉన్న చెక్క గేటు దాటి లోపలికి రాదు. వచ్చిన చెక్కనంతా గదిలో పెట్టి లోపలిదాకా వేడెక్కించి, ముద్ర వేసి పంపుతాం. బెరడు ఉందంటే పురుగు ఉన్నట్టే లెక్క అని కొత్తగా చేరినవాళ్లకు మొదటి రోజే చెప్పేది నేను. పడిన చెట్టులో పురుగు నెలల తరబడి బతుకుతుందనీ, బెరడు కింద గుడ్లు పెట్టి, పిల్లల్ని చేసి, రెక్కలొచ్చాక పక్కన నిలబడి ఉన్న చెట్టు మీదికి ఎగురుతుందనీ, తనతో పాటు బూజు రోగాన్ని కూడా మోసుకుపోతుందనీ గుక్క తిప్పుకోకుండా చెప్పగలను. పడిన కట్టెను వెంటనే బెరడు ఒలిచెయ్యాలి. లేదంటే చీల్చి మంచి ఎండలో పరచాలి. రెండూ కుదరకపోతే అక్కడే కాల్చెయ్యాలి. నీడలో, బతికున్న చెట్ల కింద మాత్రం పెట్టకూడదు.

ఇవన్నీ తెలిసి కూడా నేను బెరడు ఒలిపించలేదు. షెడ్డు నుంచి ఇద్దరు మనుషుల్ని పిలిస్తే ఒక పూటలో అయ్యే పని. కానీ బెరడు తీసిన దుంగలు ఎముకల్లా తెల్లగా, బోసిగా కనిపిస్తాయి. పెళ్లికి అలాంటివి తీసుకెళ్లడం నాకు నచ్చలేదు. నిండుగా, నల్లగా, చూడగానే మామిడి అని తెలిసేలా ఉండాలనుకున్నాను. నెల తిరిగేలోపు పొయ్యిలోకి పోయేవే కదా అనుకున్నాను.

టెంపో వాకిట్లో ఆగినప్పుడు బావ అరుగు మీద నుంచి లేచి వచ్చాడు.

"ఏం బామ్మర్దీ, పెండ్లికి తెచ్చినావా, అత్తిబెలె అంతా పొయ్యి ముట్టిచ్చనీకె తెచ్చినావా?"

"మా తమ్ముడు తెచ్చినాడు. మీ చెల్లెలి బిడ్డ పెండ్లికి మీరు ఎన్ని తెచ్చినారో నాకు తెలీదా?" అని అక్క పసుపు గిన్నె పట్టుకుని ఎదురొచ్చింది.

అందరూ నవ్వారు. ఆమె ఒక్కో దుంగకూ పసుపు రాస్తుంటే ఆ సన్నటి పొడి ఆమె వేళ్లకు అంటుకుంది. ఏందప్పా ఇది పిండి మాదిరి ఉండాది అంది నవ్వుతూ. రంపం పొట్టు అక్కా అన్నాను. వానకు తడవకుండా, ఎండకు పగలకుండా తోట మూలలో చెట్ల నీడన పేరుద్దామంది. సరేనన్నాను. పేర్చడానికి చెయ్యి కూడా వేశాను.

తరువాత రెండు వారాలకే పెళ్లికొడుకు తాత కాలం చేశాడు. వాళ్లింట్లో ఏడాది వరకు శుభకార్యం లేదు. పెళ్లి వాయిదా పడింది. కట్టెలు మాత్రం ఉన్నచోటే ఉన్నాయి. వానాకాలం వచ్చింది. నాకు నిద్ర పట్టలేదని రాస్తే అది అబద్ధం అవుతుంది. బాగానే నిద్రపోయాను. కానీ ఆ ఊరు వెళ్లినప్పుడల్లా ఆ మూలకు వెళ్లకుండా తప్పించుకునేవాణ్ణి. ఒకసారి మాత్రం అక్కతో, ఆ కట్టెలు ఇప్పుడు తీసేద్దాం, పెళ్లికి కొత్తవి తెస్తాను అన్నాను. ఆమె నా వైపు చిన్నపిల్లవాణ్ణి చూసినట్టు చూసింది.

"పసుపు పెట్టిన కట్టె అప్పా అది. పెండ్లి కాకముందే కదిలిస్తే పాప బతుకు ఏం గావాల?"

నేను కారణం చెప్పి ఉంటే ఆమె తన చేత్తోనే అగ్గిపుల్ల గీసి ఉండేది. కూతురి బతుకు గురించి ఎంత భయం ఉన్నా, ఆ చెట్లంటే ఆమెకు ఏమిటో నాకు తెలుసు. కారణం చెప్పలేదు. నేను జీవితంలో మొదటిసారి తలెత్తుకుని ఆ ఇంటికి తెచ్చినదానికి పురుగు పట్టిందని నా నోటితో చెప్పలేకపోయాను. పెళ్లికట్టె చెడ్డదని పేరొస్తే మేనకోడలికి మంచిది కాదని నాకు నేనే ఒక సాకు కూడా తయారు చేసుకున్నాను. ఆ సాకు చాలా రోజులు పని చేసింది.

చలికాలం వచ్చేసరికి కుప్పకు దగ్గరగా ఉన్న చెట్టుకు ఒక కొమ్మ మాడింది. ఆకులు గోధుమరంగుకు తిరిగి, రాలకుండా అలాగే వేలాడుతున్నాయి. తరువాత పక్క కొమ్మ. తరువాత చెట్టంతా. మొదలు దగ్గర కూర్చుని చూశాను. అవే రంధ్రాలు, అదే పొడి. అప్పుడే అధికారి వచ్చాడు, నేను లేదన్నాను. బయటి కట్టె లేదంటే సరే, నేలలోనే ఏదో ఉన్నట్టుంది అని ఆయన మొదళ్లకు పూతా, పాదుల్లో పోయడానికి మందూ రాసిచ్చి, ఎండిన చెట్లను కొట్టి వెంటనే కాల్చెయ్యమని చెప్పి వెళ్లాడు. బావ ఆయన చెప్పినట్టే చేశాడు. చచ్చిన చెట్టునల్లా కొట్టి కాల్చాడు. ఆ మంటలకు నాలుగు అడుగుల దూరంలో, పట్ట కింద, పసుపు రాసిన కట్టెలు భద్రంగా ఉన్నాయి. ఒక చెట్టు తరువాత ఒక చెట్టు పోతూనే ఉంది.

ఇంట్లో కారణం వెతుక్కోవడం మొదలైంది. మహదేవపురలో చెట్లు పడిన ఆ గాలివానకే అక్క తోటలో కూడా కొన్ని కొమ్మలు విరిగాయి. విరిగిన కొమ్మ చెట్టును లాగి చీలుస్తుందని ఆమె మరునాడే కత్తి తీసుకుని వాటిని నరికేసింది. ఆ రోజు అమావాస్య. వద్దని అక్క అత్తగారు అప్పుడే అన్నదట. ఇప్పుడు ఆ మాట బయటికి వచ్చింది. అమావాస్య నాడు పచ్చని చెట్టు మీద కత్తి పెట్టింది, చేతిలో చలవ పోయింది అని అత్తగారు వచ్చినవాళ్లందరికీ చెప్పింది. పగతో కాదు. ఆవిడ నిజంగానే నమ్మింది. బావ ఏమీ అనలేదు. అనకపోవడమే మాట అయింది.

ఒక మధ్యాహ్నం నేను అక్కడ అన్నం తింటున్నాను. అక్క వడ్డించి, నా ఎదురుగా గోడకు ఆనుకుని కూర్చుంది. బావ, అత్తగారు అక్కడే ఉన్నారు. అందరికీ వినపడేలా అడిగింది.

"నువ్వు కట్టె పనిలో ఉండేటోడివి గదప్పా. నువ్వు చెప్పు. అమావాస్య కోతకు చెట్టు చస్తాదా?"

ఆమె ఎందుకు అడిగిందో నాకు అర్థమైంది. ఆ ఇంట్లో ఆమె తరఫున ఒక్క మాట చెప్పగలిగేవాణ్ణి నేను. నా మాట బావ వింటాడు. లేదక్కా, చావదు అంటే చాలు. కానీ అలా అంటే తరువాతి ప్రశ్న వస్తుంది. మరి దేనివల్ల చచ్చాయి అని.

"ఏమోక్కా. పెద్దోళ్లు ఊరికే అంటారా" అన్నాను.

ఆమె తల ఊపింది. నా విస్తరిలో ఇంకొంచెం కూర వేసింది. లేచి వెళ్లి చేతులు కడుక్కుంది. వడ్డిస్తున్న మనిషి మధ్యలో చేతులు ఎందుకు కడుక్కుందో నేను ఆ రోజు ఆలోచించలేదు.

అధికారితో అన్న అబద్ధం తోటను చంపింది. ఈ మాట అక్కను చంపింది. రెండింట్లో ఏది పెద్దదని నన్ను అడిగితే నేను తడుముకోను.

పెళ్లి అయింది. చందాపుర వైపు ఒక కల్యాణ మండపంలో, క్యాటరింగ్ వాళ్లు గ్యాస్ పొయ్యిల మీద వండారు. శాస్త్రానికి నా కట్టెల్లోంచి రెండు పుల్లలు తీసుకెళ్లి ఒక ఇటుకల పొయ్యిలో వెలిగించి పాలు పొంగించారు. మేనమామగా నాకు బట్టలు పెట్టారు. పెళ్లి మరునాడు నేనే వెళ్లి పట్ట తీశాను. బెరడు చేత్తో లాగితే పలకలు పలకలుగా ఊడి వచ్చింది. కింద చెక్క మీద సన్నటి గీతలు, ఎవరో సూదితో ముగ్గు వేసినట్టు. లోపల పురుగు ఒక్కటి కూడా లేదు. అన్నీ ఎప్పుడో వెళ్లిపోయాయి. ఆ కట్టెనంతా ఒక్కణ్ణే కాల్చాను. ఏడాది ఆలస్యంగా.

తోటలో మిగిలిన కొద్ది చెట్లను కూడా బావ కొట్టించి, ఆ నేలను లారీలు నిలుపుకోవడానికి ఇచ్చాడు. ఇప్పుడు అక్కడ కంకర పరిచి ఉంది. అక్క ఆ వైపు కిటికీ తెరవదు.

తోట పోవడం ఒక ఎత్తు. ఆమె మారిపోవడం ఒక ఎత్తు. మొదట్లో ఎవరైనా నారు పొయ్యడానికి పిలిస్తే, ఒంట్లో బాగాలేదని చెప్పి పంపేది. తరువాత పిలుపులే రాలేదు. వాకిట్లో తులసికి నీళ్లు పొయ్యమని బావకు చెప్తుంది. కరివేపాకు కావాలన్నా తను తుంచదు, ఎవరో ఒకరు తుంచి ఇవ్వాలి. మేము చూస్తూనే ఉన్నాం. అలవాటైపోయింది మా అందరికీ. మనిషి మెల్లగా చిన్నదైపోతుంటే పక్కనున్నవాళ్లకు అది అలవాటైపోతుంది.

ఈ మధ్య మేనకోడలు ఎలక్ట్రానిక్ సిటీలో కొత్త ఇంట్లోకి మారింది. గృహప్రవేశం రోజు, ఇంటి ముందున్న చిన్న మట్టి చోటులో ఒక మొక్క పెట్టాలని, అది అమ్మే పెట్టాలని పట్టుబట్టింది. దాని చిన్నప్పుడు వాళ్లమ్మ కోసం జనం వాకిట్లో నిలబడి ఉండడం దానికి గుర్తుంది. అక్క రెండు చేతులూ కొంగులో చుట్టుకుని వెనక్కి జరిగింది.

"వద్దు తల్లీ. కొత్త ఇల్లు. నా చెయ్యి నీకు తెలుసు గదా."

చుట్టూ ఉన్నవాళ్లలో ఎవరూ కాదనలేదు. ఒక్క క్షణం అందరూ ఎటో చూశారు. మేనకోడలికి ఏడుపు వచ్చినంత పనైంది. నా వైపు తిరిగి, పోనీ నువ్వు పెట్టు మామా అంది.

నేను పెట్టాను. వంగి, మట్టి తీసి, మొక్క దించి, నీళ్లు పోశాను. అందరూ చప్పట్లు కొట్టారు. అక్క కూడా కొట్టింది, కొంగులోంచి చేతులు తీసి.

మహదేవపురకు తిరిగి వెళ్తూ సిల్క్ బోర్డ్ దగ్గర ట్రాఫిక్‌లో బండి ఆపుకుని ఏడ్చాను. పక్క కారులో ఉన్నావిడ అద్దం దించి, ఏనాయ్తు సార్, ఏమైందని కన్నడంలో అడిగింది. ఏమీ లేదన్నాను. నాకు బాగా వచ్చిన మాట అది.

ఆ వచ్చే ఆదివారం పొద్దున్నే అక్క వాళ్లింటికి వెళ్లాను. ఆమె నేల మీద కూర్చుని, నానబెట్టిన అనపగింజలు పితుకుతోంది. పితికిపప్పు చేద్దామని. అత్తగారు మంచం మీద ఉంది, ఇప్పుడావిడకు చెవులు సరిగా వినపడవు. అక్కతో ఒంటరిగా చెప్పి వెళ్లిపోదామా అని దారిలో అనిపించింది. అలా చెబితే ఆమె దాన్ని కూడా తన కడుపులో పెట్టుకుంటుంది. అందుకని బావను పిలిచి కూర్చోమన్నాను. అత్తగారి మంచం దగ్గరికి జరిగి, ఆవిడకు వినపడేంత గట్టిగా, మొదటి నుంచి చెప్పాను. చెట్లు ఎక్కడ పడ్డాయో, వాటిలో ఏం చూశానో, బెరడు ఎందుకు ఒలిపించలేదో, అధికారి ఏం అడిగాడో, నేనేం చెప్పానో.

అత్తగారు మధ్యలోనే అడ్డుపడింది. పెండ్లి కట్టెకు చెడ్డపేరు పెట్టొద్దురా, మేనమామవు నువ్వు అంది. కాదత్తమ్మా, మీ కోడలికి పేరు పెట్టినాం గదా ఇన్నేండ్లూ అన్నాను. ఆవిడ గోడ వైపు తిరిగి పడుకుంది.

బావ కిందికి చూస్తూనే అడిగాడు. "ఆ ఆఫీసరు అడిగినప్పుడే చెప్పింటే?"

"ఒక చెట్టే పోయింటుంది బావా. శానా అయితే రెండు మూడు. కుప్ప కాల్చింటే మిగతావి ఉండేవి."

ఆయన లేచి బయటికి వెళ్లిపోయాడు. నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

అక్క చేతులు ఆగలేదు. గింజ పితకడం, తొక్క పక్కన వెయ్యడం, గింజ పితకడం. తల ఎత్తకుండా అడిగింది.

"దించేటప్పుడే తెలుసా నీకు?"

"తెలుసు."

"నేను అన్నం పెట్టి అడిగితి గదప్పా. అప్పుడు?"

"అప్పుడూ తెలుసు."

అప్పుడు చేతులు ఆగాయి. ఆమె ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. చాలా అలసిపోయిన గొంతుతో, "ఇంట్లో చెప్పినావు సరే. పిలిచేది మానుకున్నారే, వాళ్లకి ఎవురు చెప్తారు?" అంది.

నేను చెప్తానన్నాను. ఒక్కో ఇంటికీ వెళ్లి చెప్తాను, రాసి కూడా పెడతాను అన్నాను. ఆమె నమ్మినట్టు లేదు. నమ్మడానికి నేను ఆమెకు ఏ కారణమూ ఇవ్వలేదు. నేను నేల మీద ఆమె ఎదురుగా కూర్చున్నాను. దారిపొడుగునా కూడబెట్టుకున్న మాటలేవీ రాలేదు. వచ్చినవి ఇవి.

"అక్కా, నీ చేతిలో ఏ దోషమూ లేదు. ఎప్పుడూ లేదు. తోటను చంపింది నేను తెచ్చిన కట్టె. నువ్వు అడిగిన రోజు, నీ అన్నం తింటా, తెలిసి తెలిసి ఆ నింద నీ మీదికి తోసినాను. నువ్వు పెంచినోణ్ణి నేను, నేనే తోసినాను. తప్పయిపోయిందక్కా. క్షమించు."